బ్లీడ్ మాహాత్మ్యం

పాఠక మహాశయులారా! ఇంట్లో ప్రశాంతత లేదని, మాటకు విలువ లేదని, మొగుడూ పెళ్ళాల మధ్య సఖ్యత లేదని కుమిలిపోతున్న వాళ్ళందరికీ ఇవాళ ఒక శుభవార్త తెచ్చాను. మీ రోగాలన్నిటికీ మందు ఒక్కటే. దాని పేరు బ్లీడ్!

కంగారుపడి దూది కోసం, గుడ్డపీలికల కోసం పరిగెత్తకండి. ఇది ఆసుపత్రి బ్లీడ్ కాదు. అంతకంటే చాలా గొప్పది.

నేను ముప్ఫయ్యేళ్లుగా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుని బతుకుతున్నవాణ్ణి. మా ప్రెస్సులో బ్లీడ్ అంటే మూడు మిల్లీమీటర్లు. బొమ్మ కాగితం అంచుదాకా రావాలనుకోండి. సరిగ్గా అంచు దగ్గరే ఆపితే, కటింగ్ మెషిన్ బ్లేడు వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెల్లటి గీత ఒకటి మిగిలిపోయి కార్డు మొహం పాడవుతుంది. అందుకని బొమ్మను కటింగ్ గీత దాటించి, అన్నివైపులా ఇంకో మూడు మిల్లీమీటర్లు అచ్చేస్తాం. తర్వాత దాన్ని కోసి చెత్తలో పారేస్తాం. కోసి పారెయ్యడానికే పెంచే భాగం అన్నమాట. ఎంత త్యాగం! ఎంత వినయం!

చెమ్మ పట్టిన కాగితం మీద సిరా పాకినా బ్లీడే అంటాడు మా మెషిన్ మేన్. కాకపోతే అది తన తప్పు కాబట్టి ఆ మాట కొంచెం మెల్లిగా అంటాడు.

ఈ రెండు అర్థాలతో సుఖంగా కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. మూడో అర్థం ఒకరోజు చెప్పులు విప్పుకుని నేరుగా మా ఇంట్లోకి నడిచి వచ్చింది. దాన్ని వెంటబెట్టుకు వచ్చినవాడు మా బామ్మర్ది.

మా బామ్మర్దికి ఉద్యోగం లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. వాడు టెక్నికల్ డైరెక్టరు. దేనికి డైరెక్టరు అని అడిగితే వాడికి కోపం వస్తుంది. వాడు ఒక మైకు, దానికో స్టాండు, రెండు హెడ్‌ఫోన్లు, ఒక ఎర్రబల్బు పట్టుకొచ్చి మా పడగ్గదిని ప్రసార కేంద్రంగా మార్చాడు. కార్యక్రమం పేరు ‘వదినతో ఓ గంట’. రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా. శ్రోతలు ఫోన్లో తమ ఇంటి గొడవలు చెప్పుకుంటారు, వదినగారు తీరుస్తుంది. వదినగారంటే మా ఆవిడే.

మొదటిరోజే వాడు హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, చేదు మింగినట్టు మొహం పెట్టాడు.

“బావా, నీ బ్లీడ్ వస్తోంది.”

నేను గబగబా చేతులూ మోకాళ్ళూ తడుముకున్నాను.

“అది కాదు బావా! నువ్వు పక్కగదిలో దగ్గితే ఆ చప్పుడు అక్క మైకులోకి దూరుతోంది. ఒకళ్ళ మైకులోకి ఇంకొకళ్ళ చప్పుడు రాకూడదు. దాన్నే బ్లీడ్ అంటారు. ముందు దాన్ని చంపెయ్యాలి.”

“దగ్గునా?”

“ప్రస్తుతానికి దగ్గునే” అన్నాడు వాడు, నన్ను ఎగాదిగా చూస్తూ.

ఆ క్షణం నుంచి మా ఇంటి దశ తిరిగిపోయింది! ఎలాగంటారా? చిత్తగించండి.

మొదట ఫ్రిజ్. దాని మోటారు గుర్రుమంటోందని మధ్యాహ్నం ఒంటిగంటకే కట్టేస్తారు, నాలుగింటికి గుర్తొస్తే వేస్తారు. పాలు విరుగుతాయి, నిజమే. కానీ విరిగేటప్పుడు చప్పుడు చేశాయా? చెయ్యలేదు! మనుషులకు లేని సంస్కారం పాలకు ఉందని నాకు యాభై నాలుగేళ్ళ వయసులో తెలిసొచ్చింది.

తర్వాత ఫ్యాన్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా గంటన్నర కూర్చుంటే మనిషికి ఎంత ఓర్పు వస్తుందో, ఎంత బరువు తగ్గుతుందో మీకు తెలుసా? నేను రెండు రంధ్రాలు లోపలికి బెల్టు బిగించాను.

వంటింటి కుళాయి పదేళ్లుగా టప్పు టప్పుమని కారుతోంది. నలుగురు ప్లంబర్లు వచ్చి చేతులెత్తేశారు. మా బామ్మర్ది కుళాయి మూతికి ఒక దారప్పోగు కట్టి, రెండో కొస బకెట్లోకి వదిలాడు. ఇప్పుడు నీళ్ళు దారం వెంట దొంగలా జారి దిగుతాయి. కారడం మానలేదు. నోరు మాత్రం మూసుకుంది. మా ఇంట్లో ఎవరికైనా అంతకంటే ఏం కావాలి?

పరుపులూ దుప్పట్లూ గోడలకీ తలుపుకీ చేరాయి. గోడలు మెత్తగా పడుకుంటున్నాయి, మేము నేలమీద పడుకుంటున్నాం. నా వెన్నెముక ఇంత నిటారుగా నా పెళ్లి ఫొటోలో కూడా లేదు!

ఇక తుమ్ము. ఇది చాలా శాస్త్రీయంగా ఏర్పాటు చేశారు. తుమ్ము వచ్చే సూచన కనపడగానే నేను చెయ్యెత్తాలి. బామ్మర్ది తలాడించాక మూడంతస్తులు దిగి, వీధి మలుపు దాటి, తుమ్మి, తిరిగి రావాలి. మా డాక్టరు పదేళ్లుగా రోజూ నడవమని మొత్తుకుంటున్నాడు, నేను విన్నానా? జలుబు చేసిన వారంలో నేను నడిచిన దూరం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

దెబ్బలాటలా? ఆ పదమే మరిచిపోయాం! దెబ్బలాడాలంటే గొంతు లేవాలి కదా. ప్రసారం ముందు ఆవిడ గొంతు దాచుకోవాలి, ప్రసారం తర్వాత గొంతుకు విశ్రాంతి ఇవ్వాలి, మిగిలిన టైములో రేపటి కార్యక్రమానికి తయారవ్వాలి. నాతో చెప్పాల్సినవన్నీ చీటీల మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తుంది. ‘పాలు తేవాలి.’ ‘కరెంటు బిల్లు.’ ‘గురక తగ్గించుకోండి.’ పక్కవాటాలో ఉన్న పెద్దాయన మమ్మల్ని చూపించి తన కొడుకూ కోడళ్ళకు బుద్ధులు చెబుతున్నాడట. మౌనం అర్ధాంగీకారం అన్నారు కాబట్టి, ఆ లెక్కన నేను ఈ నాలుగు నెలల్లో ప్రపంచంలో ఉన్న విషయాలన్నిటికీ సగం ఒప్పేసుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆవిడ ఇల్లు కదలకుండా రచ్చ గెలిచేసింది. మొదటి నెలాఖరుకి పదకొండు వందలమంది శ్రోతలు! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆవిడ నోరు సంగతి ఊరికంటే ముందు తెలిసినవాణ్ణి నేను. ఎందుకంటే ఆ గొంతు తయారైంది నా భోజనాల బల్ల దగ్గర.

ప్రూఫు దిద్దడం ఒక్కడి పని కాదండీ. ఒకరు చేతిరాత ప్రతి పట్టుకుని పైకి చదవాలి. వాళ్ళని కాపీ హోల్డర్ అంటారు. ఇంకొకరు అచ్చు ప్రూఫు మీద పెన్సిలు ఆనించి ఆ గొంతు వెంట నడవాలి. మాటలే కాదు, కామాలు, ఫుల్‌స్టాపులు, బ్రాకెట్లు, కొత్త పేరాలు అన్నీ నోటితో పలకాలి. ఎందుకంటే కన్ను మహా మోసగత్తె. కాగితం మీద ఉన్నది చూడదు, ఉండాల్సింది చూస్తుంది. చెవికి అంత తెలివి లేదు. అందుకే దాన్ని నమ్మొచ్చు.

ఖర్చు తగ్గించుకోవాలని మా ఓనరు కాపీ హోల్డర్‌ని తీసేసిన రోజు నుంచి నేను ప్రూఫులు ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఇరవై మూడేళ్లపాటు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ బల్ల దగ్గర, మా ఆవిడ చదివింది, నేను దిద్దాను. విత్తనాల కేటలాగులు చదివింది, మందుల కరపత్రాలు చదివింది, సహకార సంఘాల నియమావళి చదివింది. ఆవిడ నోట ఇన్సూరెన్సు షరతులు వింటుంటే నాకు ఎక్కడైనా పడి కాలు విరగ్గొట్టుకోవాలనిపించేది, అంత హాయిగా ఉండేది.

ఆ అలవాటు ప్రసారంలోనూ పోలేదు. “మీ అత్తగారితో మెల్లిగా కామా నవ్వుతూ కామా కానీ గట్టిగా చెప్పమ్మా ఫుల్‌స్టాప్” అని మొదటివారంలో నోరు జారింది. శ్రోతలకు అది తెగ నచ్చేసింది. ఎక్కడ ఆగాలో చెబుతూ సలహా ఇచ్చేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉన్నారు చెప్పండి?

మరి నా కాపీ ఎవరు చదవాలి? ఇదీ ప్రశ్న.

బామ్మర్దిని కూర్చోబెట్టి చూశాను. వాడికి కామా అంటే లెక్కలేదు. ఊపిరి ఎక్కడ అందకపోతే అక్కడ ఫుల్‌స్టాప్. మాట పొడుగ్గా కనపడితే “అదేదో ఉంది బావా” అని దాటేస్తాడు. ఒక పేజీలో పదకొండు ‘అదేదో’లు దొర్లాక నేను చేతులు జోడించాను.

ఒంటరిగా కంటితోనే చదవడం మొదలుపెట్టాను. అడుగు జారింది!

బట్టలుతికే యంత్రం తాలూకు కరపత్రం అది. చేతిరాత ప్రతిలో ఏముందంటే: ‘ముందుగా పిల్లలను యంత్రానికి దూరంగా ఉంచండి. తర్వాత మాసిన బట్టలను యంత్రంలో వేసి మూత గట్టిగా బిగించండి.’ ఒకేలాంటి మాట పైపంక్తిలోనూ కిందిపంక్తిలోనూ ఉంటే కన్ను పైదాని మీంచి కిందిదాని మీదికి గెంతుతుంది. మధ్యలో ఉన్నది గోవిందా! టైపు చేసినవాడి కన్ను గెంతింది. వెనకే నా కన్నూ గెంతింది. ఐదువేల కాపీలు అచ్చయ్యాయి: ‘ముందుగా పిల్లలను యంత్రంలో వేసి మూత గట్టిగా బిగించండి.’

కంపెనీవాళ్ళకి ఒకటే ఫోన్లు. అందరూ తిట్టారట. ఒక తల్లి మాత్రం ఎన్ని నిమిషాలు తిప్పాలని అడిగిందట.

మా ఓనరు నన్ను లోపలికి పిలిచి, కుర్చీ చూపించకుండానే మాట్లాడాడు.

“మాస్టారూ, పెద్దవారు, మిమ్మల్ని ఏమీ అనలేను. ఇంకొక్క లైను ఎగిరిపోయిందంటే మాత్రం, మీరు హాయిగా ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోండి. కంప్యూటరే దిద్దుకుంటుంది.”

ఇంట్లో కూర్చోవడం! కుర్చీలు కిర్రుమంటున్నాయని మా ఇంట్లో కూర్చోవడం నిషేధించి అప్పటికి రెండు నెలలైందని పాపం ఆయనకేం తెలుసు? ఉద్యోగం పోతే నేను ఎక్కడికి పోవాలి? తుమ్మడానికి వెళ్ళే వీధి మలుపులోనే మకాం పెట్టాలా?

అందుకని నాకు నేనే కాపీ హోల్డర్నయ్యాను. ఎడమచేత్తో చేతిరాత, కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని సామాన్ల గదిలో పాత ట్రంకుపెట్టె మీద కూర్చుని, నాకు మాత్రమే వినపడేంత గొంతుతో పైకి చదువుకునేవాణ్ణి. సామాన్ల గదికీ పడగ్గదికీ మధ్య ఉన్నది గోడ కాదని, గోడలా కనపడే చెక్క అలమర అని నాకు గుర్తులేదు. అన్ని గోడలకూ పరుపులు కప్పిన మా టెక్నికల్ డైరెక్టరుకూ గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం ఒక ఇల్లాలు ఫోన్ చేసింది. పెళ్ళయి పదిహేనేళ్ళయింది వదినా, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో పడితే కదలడు, అలాంటి మనిషిని ఏం చేసుకోవాలి అని. మా ఆవిడ గొంతు సవరించుకుని, “భర్త అనేవాణ్ణి ఎలా చూసుకోవాలంటేనమ్మా…” అని ఒక్క క్షణం ఆగింది.

గోడలోంచి సమాధానం వచ్చింది: “చల్లని కామా పొడి ప్రదేశంలో నిల్వ చేయవలెను ఫుల్‌స్టాప్ నేరుగా ఎండ తగలనీయరాదు ఫుల్‌స్టాప్.”

నేను మందుల కరపత్రం చదువుకుంటున్నానండీ! నాకేం తెలుసు?

రెండో ఆవిడ లైన్లోకి వచ్చింది. మా ఆడపడుచు నాలుగు రోజులని వచ్చి నెలరోజులైంది వదినా అంది. గోడ: “మోతాదు మించరాదు ఫుల్‌స్టాప్ మూడు రోజుల్లో తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించవలెను.”

మూడో ఫోన్ ఒక మగాయనది. మా అబ్బాయి పొద్దున్న ఎంత లేపినా లేవడండీ అన్నాడు. “వాడే ముందు బాగా కుదపవలెను” అంది గోడ.

వారం తిరిగేసరికి శ్రోతలు నాలుగువేలు! చాలామంది గోడగారికి నమస్కారాలు చెప్పమన్నారు. మా బామ్మర్ది నన్ను కౌగిలించుకున్నాడు.

“బావా! నీ బ్లీడే హైలైటు!”

“చంపెయ్యాలన్నావు కదరా?”

“ఇప్పుడది కంటెంటు బావా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నువ్వు చాలా సహజంగా, అనుకోకుండా చదవాలి. అనుకోకుండా ఎప్పుడు చదవాలో నేను నీ గదిలో ఎర్రబల్బు వెలిగించి చెబుతా.”

నా ప్రూఫులు వాడు ముందుగా చూసి ఆమోదించడం మొదలైంది. విత్తనాల కేటలాగు తెస్తే “దీంట్లో పంచ్ లేదు” అని పెదవి విరిచాడు. మార్చురీ నిబంధనలు తెస్తే “మూడ్ పాడవుతుంది” అన్నాడు. మందుల కరపత్రాలే తెమ్మంటాడు. ఊరికి రోగాలు రాకపోతే నేనేం చెయ్యను? మింగలేక కక్కలేక ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. ఇంతకీ మా ఆవిడ ఏమందని అడుగుతారా? ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించింది. ‘రేపు కొంచెం గట్టిగా.’

ఇంత జరిగినా నేను బ్లీడ్‌ని పొగుడుతున్నానంటే దానికి కారణం పోయిన మంగళవారం.

ఆరోజు లిఫ్టు వాడకం పుస్తకం, ముప్ఫై రెండు పేజీలు. సాయంత్రం ఐదింటికల్లా దిద్ది పంపకపోతే మెషిన్ ఖాళీగా నిలబడుతుందని, అది నిలబడితే నేనిక ఉద్యోగంలో నిలబడనక్కర్లేదని ఓనరు స్పష్టంగా చెప్పాడు. బల్బు వెలిగినా వెలగకపోయినా నేను చదువుకుపోతున్నాను. చెమటలు కారుతున్నాయి. అక్షరాలు చీమల్లా కదులుతున్నాయి. పందొమ్మిదో పేజీలో ఇలా చదివాను:

“లిఫ్టు మధ్యలో ఆగినచో కంగారుపడి తలుపును మెత్తటి గుడ్డతో తుడవవలెను ఫుల్‌స్టాప్.”

చదివి, సంతృప్తిగా టిక్కు పెట్టి, ఇరవయ్యో పేజీ తిప్పాను.

గోడవతల ఫోన్లో ఎవరో ఏడుస్తున్నారు. తోడికోడలితో మాటల్లేవట. మా ఆవిడ ఎంతో ఓదార్పుగా మాట్లాడుతోంది. మాట్లాడుతున్నదల్లా టక్కున ఆగింది.

“ఒక్క నిమిషం ఉండమ్మా… ఏమండీ!”

నన్ను కాదనుకుని ఇరవయ్యో పేజీ చదవడం మొదలుపెట్టాను.

“ఏమండీ, మిమ్మల్నే! లిఫ్టు ఆగిపోతే ఎవరైనా తలుపు తుడుచుకుంటూ కూర్చుంటారటండీ? రెండు పంక్తులు దాటేశారు. వెనక్కెళ్ళండి.”

వెళ్ళాను. చేతిరాతలో ఉంది: ‘కంగారుపడి తలుపును తెరవరాదు. గంట మీట నొక్కి సహాయం వచ్చేవరకు వేచి ఉండవలెను. వారానికొకసారి తలుపును మెత్తటి గుడ్డతో తుడవవలెను.’ ప్రూఫులో మధ్యది లేదు! నాతోపాటు ఎంతమంది ప్రాణాలు గాల్లో వేలాడేవో!

“దొరికిందా?” అంది గోడ.

“దొరికింది” అన్నాను. దాచుకోవడం ఎందుకు, కళ్ళు తడిశాయి. నాలుగు నెలల తర్వాత మా ఆవిడ నాతో నోరు తెరిచి మాట్లాడింది. నాలుగువేలమంది సాక్షులున్నారు.

“కంగారుపడి తలుపును దగ్గర్నుంచి మళ్ళీ చదవండి. నిదానంగా.”

నేను చదివాను. ఆవిడ “ఊఁ” అంది. ఇంకో పంక్తి చదివాను. “ఊఁ” అంది. ఇరవై రెండో పేజీలో ఒక బ్రాకెట్ తెరిచి మూయలేదని పట్టుకుంది. ఇరవై ఆరులో ఒకే వాక్యం రెండుసార్లు పడిందని పట్టుకుంది. అలా నలభై నిమిషాలు! మా బామ్మర్ది ఎర్రబల్బు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి, చివరికి బల్బు మాడిపోయింది. శ్రోతలు నాలుగువేలు కాస్తా పదిహేడుమందికి దిగారు. వాడు గోడకున్న పరుపులో మొహం దాచుకుని ఏడ్చాడు. వాడి నిబంధన ప్రకారం నిశ్శబ్దంగానే.

ఆ తోడికోడలి బాధితురాలు మాత్రం ఆఖరిదాకా లైన్లోనే ఉంది. ముప్ఫై రెండో పేజీ అయ్యాక, “వదినా, ఆ లిఫ్టు ఏ కంపెనీదో కనుక్కుంటావా?” అని అడిగింది.

మూడున్నర దాటాక మా ఆవిడ గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో చీటీ లేదు.

“రేపట్నుంచి రెండింటికల్లా కాగితాలు పట్టుకొచ్చి కూర్చోండి. అరగంట చదువుతాను. రెండున్నరకి మాత్రం నన్ను ఒదిలెయ్యాలి” అంది. ఈ మాటలు నోటితోనే అంది.

ఇప్పుడు చెప్పండి! ఆ చెక్క అలమర లేకపోతే నా ఉద్యోగం ఏమయ్యేది? ఎవరి చప్పుడు వాళ్ళ గదిలోనే ఆగిపోయేలా ఇల్లు పకడ్బందీగా ఉండి ఉంటే, ఎంతమంది జనం లిఫ్టులో ఇరుక్కుని తలుపులు తుడుస్తూ ఉండేవాళ్ళు? కాబట్టి నా మాట వినండి. మీ గోడలకు పగుళ్ళు ఉంటే పూడ్చకండి. లేకపోతే మేస్త్రిని పిలిచి పెట్టించుకోండి!

నిజం చెప్పాలంటే, నాకు ఫ్రిజ్ మీద కోపం లేదు. నేలమీద పడుకోవడం మీదా లేదు. తుమ్మడానికి మూడంతస్తులు దిగడం కూడా అలవాటైపోయింది. ఇరవై మూడేళ్లు నా ఎదురుగా కూర్చుని నాకోసం పలికిన గొంతు వినాలంటే, నేను నాలుగువేలమందిలో ఒకడిగా గోడకు చెవి ఆనించి కూర్చోవాల్సి వచ్చింది చూశారూ, అదీ నా బాధ. ఇంతవరకు రాసి, పెన్ను మూతపెట్టి, వ్యాసం కంపోజింగుకి ఇచ్చాను.

అచ్చు ప్రూఫు ఇవాళే వచ్చింది. రెండింటికి బల్ల దగ్గర కూర్చున్నాం. ఎవరు రాసినదైనా పద్ధతి పద్ధతే. మా ఆవిడ నా చేతిరాత పట్టుకుని మొదటి అక్షరం నుంచి పైకి చదివింది. ఫ్రిజ్ చదివింది, చీటీలు చదివింది, బామ్మర్ది మీద నా అభిప్రాయాలు చదివింది. ‘అదీ నా బాధ ఫుల్‌స్టాప్’ అని కూడా, విత్తనాల కేటలాగు చదివిన గొంతుతోనే, ఎక్కడా తొట్రుపడకుండా చదివింది. నేను తల ఎత్తకుండా పెన్సిలు నడిపించాను. ఒక్క తప్పు లేదు.

అప్పుడు ఆవిడ నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, ప్రూఫులో ఆ పంక్తి పక్కన ఖాళీలో సున్నా చుట్టి అందులో ప్రశ్నార్థకం పెట్టింది. మా వృత్తిలో దాని అర్థం, ఇక్కడ రచయిత సమాధానం చెప్పాలని. సమాధానం రాయని ప్రశ్న ఒక్కటున్నా ఆ పేజీ మెషిన్ ఎక్కదు. మా ఓనరు ఎన్ని నియమాలు తీసేసినా ఈ ఒక్కటీ తియ్యలేదు.

ప్రశ్నార్థకం పక్కన ఆవిడ ఇలా రాసింది: ‘ఇరవై మూడేళ్లు చదివాను. తప్పులు కాకుండా ఇంకేమైనా విన్నారా?’

ఆవిడకు అంత మంచి గొంతుందని పదకొండు వందలమంది నెలరోజుల్లో కనిపెట్టారు. ఆవిడ ఒక్కరోజు మాట్లాడకపోతే ఆ ఇల్లాళ్ళు ఏమైంది వదినా అని అడుగుతారు. ఈ బల్ల దగ్గర ఒకరోజు ఆవిడ గొంతు బొంగురుపోతే నేను, “కామాలు సరిగ్గా వినపడటం లేదు” అన్నాను. అది ఇవాళే గుర్తొచ్చింది. ‘విన్నాను, కానీ’ అని మొదలుపెట్టి కొట్టేశాను. ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టి అదీ కొట్టేశాను. ప్రెస్సు నుంచి ఫోను మోగుతోంది, పేజీ ఏదండీ అని. రెండు ఇరవై ఐదు అయింది.

‘లేదు’ అని రాసి ఇచ్చాను.

ఆవిడ పద్ధతి ప్రకారం పైకి చదివింది. చదివి, కాగితం మీంచి తలెత్తి నావైపు చూసింది.

“ఫుల్‌స్టాప్ ఏదండీ?”

ముప్ఫయ్యేళ్ల ప్రూఫ్ రీడర్ని నేను! ఆవిడే చుక్క పెట్టి, పెన్సిలు నా చేతికిచ్చి, టైమైందని లేచి గదిలోకి వెళ్ళింది. లోపల మైకు ముందు కూర్చున్న చప్పుడు వినపడింది, గొంతు సవరించుకోవడమూ వినపడింది. తలుపు వెయ్యడం మరిచిపోయింది. మా ఆవిడ దేన్నీ మరిచిపోయే మనిషి కాదు.